మధ్యయుగ చరిత్ర బృంద మ్యూజియం సందర్శన

మధ్యయుగ చరిత్ర బృంద మ్యూజియం సందర్శన అనగా మధ్యయుగాల చరిత్రపై ఆసక్తి గల వ్యక్తులు కొందరు ఒక జట్టుగా ఏర్పడి, ముందుగా నిర్ణయించుకున్న విషయాన్ని దృష్టిలో పెట్టుకొని మ్యూజియంలను, వాటికి సంబంధించిన చారిత్రక స్థలాలను కలిసి చూడటం. ఇది విహారయాత్రకు, తరగతి గది పాఠానికి నడుమ ఉండే ప్రక్రియ. ఇందులో పాల్గొనేవారు చాలావరకు వృత్తి చరిత్రకారులు కారు. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, నాణేలు సేకరించేవారు, దేవాలయ శిల్పంపై మక్కువ గలవారు, విశ్రాంత ఉద్యోగులు, విద్యార్థులు ఇందులో కనిపిస్తారు. ఇటువంటి సందర్శనలు ప్రపంచంలో అనేక దేశాలలో జరుగుతున్నవి. ఈ వ్యాసం ప్రధానంగా తెలుగు ప్రాంతాలకు, తెలుగువారి మధ్యయుగ చరిత్రకు సంబంధించిన మ్యూజియంల సందర్శన గురించి వివరిస్తుంది.

మధ్యయుగం అంటే ఏది?

బృందం బయలుదేరే ముందు తేల్చుకోవలసిన మొదటి విషయం ఇదే. ఐరోపా చరిత్రలో సుమారుగా 5వ శతాబ్దం నుండి 15వ శతాబ్దం వరకు గల కాలాన్ని మధ్యయుగమంటారు. భారతదేశ చరిత్రలో ఈ హద్దులు వేరు. ఇక్కడ సాధారణంగా 8వ శతాబ్దం నుండి 18వ శతాబ్దం తొలి భాగం వరకు మధ్యయుగంగా పరిగణిస్తారు. ఐరోపా లెక్కను యథాతథంగా తెచ్చుకుంటే శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) మధ్యయుగపు రాజు కాకుండా పోతాడు. భారతీయ లెక్కలో ఆయన మధ్యయుగానికి నడిబొడ్డున ఉంటాడు.

తెలుగు దేశం మట్టుకు 624లో కుబ్జ విష్ణువర్ధనునితో మొదలైన వేంగీ చాళుక్యుల పాలన నుండి 1687లో గోల్కొండ పతనం వరకు గల కాలాన్ని మధ్యయుగంగా తీసుకోవడం అనుకూలంగా ఉంటుంది. ఇందులో వేంగీ చాళుక్యులు, కాకతీయులు, రెడ్డిరాజులు, బహమనీలు, విజయనగర రాజులు, కుతుబ్ షాహీలు వరుసగా వస్తారు. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు ఎంత గొప్పవైనా ఈ పరిధిలోకి రావు. ఒకే రోజులో అన్నింటినీ చూడాలని పెట్టుకున్న బృందాలు ఏదీ సరిగా చూడలేవని అనుభవజ్ఞులు చెబుతారు.

పూర్వరంగం

చరిత్రాభిమానులు జట్టుగా తిరిగి చరిత్రను తెలుసుకునే పద్ధతి తెలుగునాట కొత్తది కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు తదితరులు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. చిలుకూరి వీరభద్రరావు రచించిన ఆంధ్రుల చరిత్రము ఈ మండలి ద్వారానే వెలువడినది. 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడినది. దీని స్థాపనకు కృషి చేసిన రాళ్ళబండి సుబ్బారావు పేరు మీదనే నేడు ఆ నగరంలో గోదావరి గట్టున ప్రభుత్వ పురావస్తు మ్యూజియం నడుస్తున్నది. మండలి ప్రచురించిన కాకతీయ సంచిక (1935) నేటికీ పరిశోధకులకు ఉపయోగపడుతున్నది. హైదరాబాదు సంస్థానంలో లక్ష్మణరాయ పరిశోధక మండలి సభ్యులు తెలంగాణ గ్రామాలలోని శాసనాలకు ప్రతులు తీసి, తెలంగాణా శాసనములు అనే పేరుతో సంపుటంగా ప్రకటించారు.

ఈ మండళ్ళలో ప్లీడర్లు, బడిపంతుళ్ళు, పత్రికా రచయితలు ఉండేవారు. ఎండలో గుట్టలెక్కి రాళ్ళ మీది అక్షరాలను కూడబలుక్కొని చదివినవారు వీరే. సంస్థానంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడినప్పుడు దానికి మొదటి సంచాలకుడుగా గులాం యజ్దానీ నియమితుడైనాడు. ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద మండళ్ళు రెండూ కలిసి చేసిన పని వల్లనే నేడు మ్యూజియంలలో చూడటానికి ఇన్ని వస్తువులు మిగిలినవి. నేటి సందర్శన బృందాలు ఆ మండళ్ళకు దూరపు వారసులని చెప్పవచ్చును. కాకపోతే నాటివారు వెతకడానికి వెళ్ళారు, నేటివారు ఎక్కువగా చూడటానికి వెళుతున్నారు.

బృందంగా వెళ్ళడం వలన ప్రయోజనం

మ్యూజియంలోని వస్తువు తన చోటు నుండి విడివడిన వస్తువు. గర్భాలయ ద్వారబంధం గోడకు ఆనించి ఉంటుంది. దాని గుడి ఎక్కడో వంద మైళ్ళ దూరంలో ఉండవచ్చును, లేదా అసలు లేకపోవచ్చును. పక్కన అంటించిన చీటీలో "విష్ణువు, నల్లరాయి, 12వ శతాబ్దం" అని మూడు ముక్కలుంటాయి. ఒంటరిగా వచ్చిన సందర్శకుడు ఆ మూడు ముక్కలు చదివి ముందుకు సాగిపోతాడు. బృందంలో అయితే ఆగమశాస్త్రం తెలిసినవారు విగ్రహం చేతిలోని ఆయుధాల వరుసను బట్టి అది చతుర్వింశతి మూర్తులలో ఏదో చెబుతారు. విష్ణువు నాలుగు చేతులలోని శంఖ, చక్ర, గదా, పద్మాలు మారే క్రమాన్ని అనుసరించి కేశవుడు, నారాయణుడు, మాధవుడు మొదలైన 24 పేర్లు వస్తాయి. రాతి పని తెలిసినవారు అది డోలరైటా, గ్రానైటా అని గుర్తిస్తారు. అదే ఊరివారు ఎవరైనా ఉంటే ఆ విగ్రహం ఏ చెరువు పూడిక తీసినప్పుడు బయటపడిందో చెప్పిన సందర్భాలు కూడా ఉంటాయి.

పది మంది కలిసి ఒక వస్తువు ముందు పావుగంట నిలబడటమే ఈ సందర్శనకు ప్రాణం. ఇది జరగని సందర్శన ఎంత పెద్ద బస్సులో వెళ్ళినా ఒంటరి సందర్శనతో సమానమే.

ముఖ్యమైన సందర్శన స్థలాలు

హైదరాబాదు

నగరంలోని పబ్లిక్ గార్డెన్సులో ఉన్న రాష్ట్ర పురావస్తు మ్యూజియం మధ్యయుగ చరిత్రకు చాలా ముఖ్యమైనది. ఇక్కడ కాకతీయ, విజయనగర శిల్పాలు, కంచు విగ్రహాలు, ఆయుధాలు, బిద్రీ వస్తువులు, నాణేలు, తాళపత్రాలు ఉన్నవి. అయితే జనం ఎక్కువగా గుమికూడేది ఈజిప్టు మమ్మీ దగ్గర. మధ్యయుగ బృందం ఆ గదిని చివరకు పెట్టుకోవడం మంచిది. ముందే చూస్తే తరువాతి గదులకు సగం మందే మిగులుతారు.

సాలార్‌జంగ్ మ్యూజియం మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (మూడవ సాలార్‌జంగ్, 1889–1949) సేకరించిన వస్తువులతో 1951లో దివాన్ దేవిడీలో ప్రారంభమై, 1968లో మూసీ ఒడ్డునున్న ప్రస్తుత భవనానికి మారినది. పార్లమెంటు చట్టం ద్వారా 1961లో దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించారు. ఇక్కడి సేకరణలో అధిక భాగం మధ్యయుగానికి తరువాతిది. బృందాలు చూడవలసినవి దక్షిణ భారత కంచు విగ్రహాలు, దక్కనీ చిత్రాలు, అరబ్బీ పారశీక లిఖిత ప్రతులు, బిద్రీ సామాను, జేడ్ రాతి వస్తువులు. ఢిల్లీ సుల్తాను ఇల్‌టుట్‌మిష్ (పాలన 1211–1236) పేరు గల జేడ్ రాతి పుస్తక పీఠం ఈ మ్యూజియంలో ప్రసిద్ధమైనది. ఇక్కడ గంట గంటకు ఒక బొమ్మ బయటకు వచ్చి గంట కొట్టే గడియారం ముందు పాఠశాల పిల్లలు బారులు తీరి కూర్చుంటారు. పిల్లలను తప్పు పట్టనవసరం లేదు. కాని నలభై నిమిషాల సమయమిచ్చి, అందులో ఇరవై నిమిషాలు గడియారం ముందే గడిపే ఏర్పాటు చేసిన పెద్దలను మాత్రం అడగవలసి ఉంటుంది.

బిద్రీ పనితనం బహమనీల కాలం నుండి బీదరు పట్టణంతో ముడిపడిన కళ. తుత్తునాగం ఎక్కువగా, రాగి తక్కువగా కలిపిన లోహంతో పాత్రను పోతపోసి, దాని మీద గీతలు చెక్కి, వాటిలో వెండి తీగను లేదా రేకును పొదుగుతారు. ఆ తరువాత బీదరు కోటలోని మట్టిని నవాసారంతో కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలిచిపోతుంది. ఈ ప్రక్రియ తెలియకుండా చూసినవారికి అది నల్లరంగు పూసిన హుక్కా బుడ్డి మాత్రమే.

ఓరుగల్లు

వరంగల్లు కోటలో మ్యూజియం, స్థలం ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. 1323లో ఉలుగ్ ఖాన్ దండయాత్రతో కాకతీయ రాజ్యం అంతరించినది. కోట నడుమ ఉన్న స్వయంభూ శివాలయం ధ్వంసమై, నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు మాత్రం నిలిచినవి. వాటి మధ్య ఆరుబయట వందలాది శిల్ప ఖండాలు పరచి ఉన్నవి. ఈ తోరణం 2014లో స్వీకరించిన తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చోటు చేసుకున్నది. సమీపంలోని ఖుష్ మహల్‌లో కూడా కొన్ని శిల్పాలను భద్రపరచారు.

ఇక్కడ బృందాలు చేయదగిన మంచి అభ్యాసం ఒకటి ఉన్నది. ముందుగా హనుమకొండలోని వేయిస్తంభాల గుడి (1163), వీలైతే పాలంపేటలోని రామప్ప గుడి (1213) చూసి, ఆ తరువాత కోటలోని ఖండాల దగ్గరకు రావాలి. అప్పుడు ఈ ముక్క పైకప్పుదని, ఇది కక్షాసనపు అంచు అని, ఇది స్తంభం మీది బోదె అని ఎవరికి వారే గుర్తుపడతారు. రామప్ప ఆలయాన్ని 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన తరువాత అక్కడికి వచ్చేవారి సంఖ్య పెరిగినది. ఓరుగల్లు కోటలో ఆరుబయటనున్న శిల్పాల వద్ద మాత్రం ఫొటో దిగి వెళ్ళిపోయేవారే ఎక్కువ.

పానగల్లు, కొలనుపాక, ఆలంపురం

ఇవి మూడూ ఆలయ ప్రాంగణాలలోనో, వాటి పక్కనో ఏర్పడిన చిన్న మ్యూజియంలు. నల్లగొండ సమీపంలోని పానగల్లు కందూరు చోడుల రాజధాని. అక్కడి పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలో మ్యూజియం ఉన్నది. వచ్చినవారు సాధారణంగా అదే ఊరిలోని ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్ళి, గర్భగుడిలో పగలంతా కదలక నిలిచే నీడను చూసి తిరిగి పోతారు. కొలనుపాకలో జైన దేవాలయం సుప్రసిద్ధం. దానికి సమీపంలోని సోమేశ్వరాలయ ప్రాంగణంలో ఆ ఊరిలోనూ చుట్టుపక్కలా దొరికిన శిల్పాలు, శాసనాలు ఉన్నవి. జైనం, వీరశైవం ఒకే ఊరిలో ఒకదాని వెంట ఒకటి వర్ధిల్లిన తీరు ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలానివి కనుక మధ్యయుగానికి వాకిలి వంటివి. శ్రీశైలం జలాశయంలో మునిగే ప్రాంతం నుండి కూడలి సంగమేశ్వరాలయాన్ని, పాపనాశి ఆలయాలను రాయి రాయిగా విప్పి ఆలంపురం పరిసరాలలో తిరిగి నిర్మించారు. గుడి మొత్తమే మ్యూజియం వస్తువైన సందర్భమిది.

కమలాపురం (హంపి)

హంపి శిథిలాల నుండి సేకరించిన శిల్పాలను తొలుత అక్కడి ఏనుగుల శాలలో ఉంచారు. 1972లో వాటిని కమలాపురంలోని కొత్త భవనానికి మార్చారు. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ దీనిని నిర్వహిస్తున్నది. ఇది నేడు కర్ణాటకలో ఉన్నప్పటికీ, విజయనగర చరిత్ర తెలుగువారిది, కన్నడిగులది కూడా కావడం వలన ఆంధ్ర, తెలంగాణల నుండి ఎన్నో బృందాలు వెళతాయి. మ్యూజియం మధ్యభాగంలో కొండలు, తుంగభద్ర, కోటగోడలు, దేవాలయాలతో సహా హంపి లోయ నమూనా ఉన్నది. దానిని చూడకుండా శిథిలాలలోకి వెళ్ళినవారికి విఠలాలయం ఎక్కడ, రాజప్రాసాదాల ప్రాంతం ఎక్కడ, రెంటికీ మధ్య అంత దూరమెందుకు అనేది సాయంత్రానికి కూడా అర్థం కాదు. కనుక హంపి విషయంలో మాత్రం ముందు మ్యూజియం, తరువాత స్థలం అనే క్రమమే సరైనది. ఓరుగల్లులో ఇందుకు విరుద్ధమైన క్రమం పనికివస్తుందని పైన చూశాము.

చంద్రగిరి

1565 జనవరిలో జరిగిన తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు పెనుకొండకు, ఆ తరువాత చంద్రగిరికి రాజధానిని మార్చారు. చంద్రగిరి కోటలోని రాజమహల్‌లో మ్యూజియం ఉన్నది. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో ఈ మహలును నిర్మించడం విశేషం. గుడిమల్లం, గండికోట, యాగంటి ప్రాంతాల నుండి తెచ్చిన శిల్పాలు ఇక్కడ ఉన్నవి. తిరుమల ఆలయంలోని శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాల ప్రతిరూపాలు కూడా చూడవచ్చును. తిరుమలలో భక్తుల రద్దీలో అసలు విగ్రహాలను నిలబడి చూసే అవకాశం దొరకనివారికి ఇక్కడ తీరికగా చూసే వీలు కలుగుతుంది.

శాసనాల ముందు

మ్యూజియంలలో అందరూ దాటిపోయే వస్తువులు శాసనాలు. బృంద సందర్శనకు అన్నిటికంటె ఫలమిచ్చేవి కూడా ఇవే.

వేంగీ చాళుక్యుల రాగి శాసనాలు సాధారణంగా కొన్ని రేకులు ఒక కడియానికి గుచ్చి ఉంటాయి. కడియం మీది ముద్రలో వరాహ లాంఛనం, "శ్రీ త్రిభువనాంకుశ" అనే బిరుదు కనిపిస్తాయి. మొదటి రేకు పైభాగం, చివరి రేకు వెనుకభాగం చాలావాటిలో ఖాళీగా ఉంటాయి. అక్షరాలు ఒరిపిడికి అరిగిపోకుండా చేసిన ఏర్పాటు ఇది. రేకుల అంచులను కొంచెం పైకి మలచడం కూడా అందుకే. రాజరాజ నరేంద్రుడు 1053లో ఇచ్చిన నందంపూడి శాసనాన్ని రచించినవాడు మహాభారతాన్ని తెనిగించ మొదలుపెట్టిన నన్నయ భట్టే. సాహిత్యం చదువుకున్నవారికి, చరిత్ర చదువుకున్నవారికి ఇక్కడ ఒకరి అవసరం ఒకరికి పడుతుంది.

శాసన కాలాన్ని లెక్కకట్టడం నేర్చుకోవడం ఏమంత కష్టం కాదు. శాసనాలలో ఎక్కువగా శక సంవత్సరం ఉంటుంది. దానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. రామప్ప శాసనంలోని శక 1135కు 78 కలిపితే 1213. అయితే శక సంవత్సరం చైత్రంతో మొదలవుతుంది కనుక పుష్యం, మాఘం, ఫాల్గుణం వంటి చివరి మాసాలలోని తేదీలకు 79 కలపవలసి రావచ్చును. తళ్ళికోట యుద్ధం శక 1486లో జరిగినది. 78 కలిపితే 1564 వస్తుంది, కాని యుద్ధం జరిగింది 1565 జనవరిలో. ఇంకొక చిక్కు, అంకెలకు బదులు మాటలు వాడటం. చంద్రుడు అంటే ఒకటి, గుణాలు అంటే మూడు, బాణాలు అంటే ఐదు. వీటిని కుడి నుండి ఎడమకు పేర్చాలి. ఉదాహరణకు బాణ, గుణ, ఇందు, భూ అనే మాటలు వరుసగా వస్తే 5, 3, 1, 1 అని చదివి, తిరగవేస్తే 1135 అవుతుంది. బృందంలో ఒకరు మాటలు చదవగా మరొకరు లెక్క కట్టడం ఒక ఆటలా సాగుతుంది. ఇంటరు చదివే పిల్లలు పెద్దలకంటె త్వరగా పట్టుకుంటారు.

శాసనాల విలువ ఎటువంటిదో చెప్పడానికి నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం చాలు. కాకతి రుద్రమదేవి పాలన 1295–96 ప్రాంతం వరకు సాగిందని చాలాకాలం పుస్తకాలలో వ్రాసేవారు. చందుపట్లలో దొరికిన శాసనం శక 1211 మార్గశిర మాసం నాటిది, అనగా 1289 నవంబరు. రుద్రమదేవి, సేనాపతి మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందిన సందర్భంలో వారి పుణ్యం కొరకు పువ్వుల ముమ్మడి అనే బంటు చేసిన భూదానం ఇందులో ఉన్నది. అంటే రాణి మరణం గురించి మనకు చెప్పినది ఆస్థాన కవి కాదు, ఒక సాధారణ భటుడు పల్లెలో నిలిపిన రాయి. ఆ రాయిని ఎవరైనా బట్టలుతికే బండగానో, ఇంటి గడపగానో వాడి ఉంటే ఆ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు.

గణపతిదేవుని మోటుపల్లి శాసనం (1244) మరొక ఉదాహరణ. తుఫానుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారనీ, ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోమనీ సముద్ర వ్యాపారులకు రాజు ఇందులో అభయమిచ్చాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు మొదలైన సరుకుల ప్రసక్తి ఉండటం వలన వాణిజ్య శాస్త్రం చదివినవారికి కూడా ఇది ఆసక్తికరం. ఈ శాసనం మోటుపల్లిలోనే ఉన్నది కనుక కోస్తా బృందాలు అక్కడికే వెళ్ళి చూడవలసి ఉంటుంది.

నాణేలు

విజయనగర వరాహాలు చూడటానికి వెళ్ళినవారు మొదట నిరాశపడతారు. సుమారు 3.4 గ్రాముల బరువు గల ఆ బంగారు నాణెం చిన్న బొత్తాము కంటె పెద్దది కాదు. గాజు పెట్టెలో మూరెడు దూరాన ఉంటే బొమ్మ కనిపించదు. కనుక భూతద్దం, చిన్న టార్చి వెంట ఉంచుకోవాలి. టార్చి వాడటానికి ముందుగా అనుమతి అడగాలి. కృష్ణదేవరాయల నాణెంపై బాలకృష్ణుడు, అచ్యుతదేవరాయల నాణెంపై గండభేరుండ పక్షి ఉంటాయి. ఒకసారి గుర్తుపట్టడం అలవాటైతే నాణెం చూసి రాజును చెప్పడం సులభమవుతుంది.

నిర్వహణ

బృందంలో పదిహేను ఇరవై మంది మించకుండా ఉండటం మంచిది. అంతకు మించితే వెనుక నిలబడినవారికి వస్తువూ కనిపించదు, మాటా వినిపించదు. ఎక్కువ మంది ఉన్నప్పుడు రెండు జట్లుగా విడిపోయి, ఒక జట్టు శిల్పాల వైపు, ఒక జట్టు నాణేల వైపు మొదలుపెట్టి మధ్యలో మారడం వాడుకలో ఉన్న పద్ధతి.

సెలవు రోజు సంగతి తప్పక విచారించుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియంకు, పురావస్తు సర్వేక్షణ శాఖ నిర్వహించే స్థల మ్యూజియంలకు శుక్రవారం సెలవు. దేశంలోని మరి కొన్ని మ్యూజియంలకు సోమవారం సెలవు. దూరప్రాంతం నుండి బస్సు కట్టించుకొని వచ్చి మూసిన తలుపులు చూసి వెనుదిరగడం కంటె బాధాకరమైనది లేదు. సర్వేక్షణ శాఖ మ్యూజియంలలో 15 ఏళ్ళ లోపు పిల్లలకు ప్రవేశ రుసుము ఉండదు. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం, నవంబరు 19 నుండి 25 వరకు వారసత్వ వారోత్సవాలు. ఆ రోజులలో ప్రత్యేక ప్రదర్శనలు చూసే వీలుంటుంది, రద్దీ కూడా ఎక్కువ.

క్యురేటరుకు కనీసం రెండు వారాల ముందు ఉత్తరం వ్రాయాలి. ఏ విషయం చూడదలచారో అందులో స్పష్టంగా ఉండాలి. "మ్యూజియం చూపించండి" అని వ్రాసినవారికి మామూలు గైడు వస్తాడు. "కాకతీయుల కాలపు ద్వారబంధాలు, గజలక్ష్మి లలాటబింబాలు చూడాలని ఉన్నది" అని వ్రాసినవారికి చాలాసార్లు క్యురేటరే స్వయంగా వస్తారు. చిన్న ఊళ్ళ మ్యూజియంలలో తాళం చెవి కాపలాదారు దగ్గరే ఉంటుంది. అతనికి ముందుగా కబురు పంపి, వెళ్ళిన తరువాత మర్యాదగా పలకరించడం మరువరాదు. ఏ రాయి ఏ పొలం నుండి వచ్చిందో రికార్డులో లేని వివరం అతని నోట వినిపించవచ్చును.

వ్రాసుకోవడానికి పెన్సిలు వాడాలి, సిరా కలం వద్దు. ఫ్లాషు వేసి ఫొటోలు తీయరాదు. రంగులు, బట్టలు, తాళపత్రాలు దాని వెలుగుకు దెబ్బతింటాయి. శిల్పాలను తాకరాదు. గుడిలో దేవుని తాకి కళ్ళకద్దుకునే అలవాటు వలన మ్యూజియంలో కూడా చేయి దానంతట అదే ముందుకు పోతుంది. కొన్ని ఆలయ ప్రాంగణ మ్యూజియంలలో విగ్రహాలకు పసుపు కుంకుమలు పెట్టిన ఆనవాళ్ళు కనిపిస్తాయి. దీనిని భక్తి లోపంగానో, అజ్ఞానంగానో ఎగతాళి చేయక, పసుపు కుంకుమల మరకలు రాతిలోకి ఇంకి పోకుండా ఉండిపోతాయని వివరించడం బృంద నాయకుని బాధ్యత.

వయసు మళ్ళినవారు ఉంటే రెండు గంటలకు మించి నడిపించరాదు. సాలార్‌జంగ్ వంటి పెద్ద మ్యూజియంను ఒకే రోజులో పూర్తి చేయాలనే పట్టుదల మానుకోవాలి.

విమర్శలు, చర్చనీయాంశాలు

ఇటువంటి సందర్శనలపై విమర్శలు లేకపోలేదు. రాజులు, యుద్ధాలు, గుళ్ళ చుట్టూనే సందర్శనలు తిరుగుతాయని, రైతులు, చేతివృత్తులవారు, స్త్రీల జీవితం కనబడదని ఒక విమర్శ. ఇది చాలావరకు నిజం. కాని అందుకు వస్తువుల లోటు కారణం కాదు. ఆలయ ఫలకాలలో కోలాటమాడే స్త్రీలు, మల్లయుద్ధం చేసేవారు, వేటగాళ్ళు ఉన్నారు. వీరగల్లులు సామాన్య సైనికులవి, పశువుల కొరకు పోరాడి మరణించినవారివి. దాన శాసనాలలో చెరువులు, తూములు, గానుగలు, మగ్గాల మీది పన్నులు ఉన్నవి. చూడాలనుకున్నవారికి అన్నీ కనిపిస్తాయి.

మరొక విమర్శ మతానికి సంబంధించినది. విరిగిన శిల్పం ముందు నిలిచినప్పుడు దానిని ఎవరు విరిచారనే ప్రశ్న వెంటనే వస్తుంది, మాటలు వేడెక్కుతాయి. ఓరుగల్లు ఆలయ ధ్వంసం చరిత్రలో జరిగిన సంగతే, దానిని దాచవలసిన అవసరం లేదు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా (పాలన 1550–1580) తెలుగు కవులను ఆదరించిన సంగతి కూడా చరిత్రే. ప్రతి విరిగిన ముక్కకు ఒకే కారణం చెప్పడం మాత్రం సరికాదు. గుప్తనిధుల కొరకు తవ్వినవారు, రోడ్డుకు కంకర కొట్టినవారు, ఇళ్ళకు రాళ్ళు మోసుకుపోయినవారు, నేటికీ విగ్రహాలను దొంగిలించి అమ్మేవారు కూడా ఆ జాబితాలో ఉన్నారు.

అన్నిటికంటె పెద్ద చర్చ, శిల్పాలు ఊళ్ళలోనే ఉండాలా లేక నగరపు మ్యూజియంలకు తరలించాలా అనేది. ఊరివారు తమ వీరగల్లును పోతరాజుగానో, గ్రామదేవతగానో కొలుచుకుంటుంటే దానిని ఎత్తుకుపోవడం న్యాయం కాదు. దిక్కులేక చెరువు కట్ట మీద పడి ఉన్న శాసనాన్ని అలాగే వదిలివేయడమూ న్యాయం కాదు. కొలనుపాక, పానగల్లు వంటి స్థానిక మ్యూజియంలు ఈ రెంటికీ నడుమ చక్కని మార్గం. కాని అటువంటివాటికి సందర్శకులు రాకపోతే సిబ్బంది తగ్గుతారు, తలుపులు మూతపడతాయి, వస్తువులు తిరిగి రాజధానికి చేరుతాయి. ఏడాదికి రెండు బృందాలు వచ్చి సందర్శకుల పుస్తకంలో సంతకాలు చేసి, చీటీలు లేని శిల్పాల గురించి ఉత్తరం వ్రాసినా అటువంటి మ్యూజియంకు బలమే.

పురావస్తువుల, కళానిధుల చట్టం (1972) ప్రకారం పురావస్తువులను దేశం దాటించడం నేరం. కొన్ని రకాల పురావస్తువులు కలిగి ఉన్నవారు వాటిని రిజిస్టరు చేయించాలి. భూమిలో దొరికిన నిధుల విషయంలో 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. నాణేలు సేకరించే సభ్యులు ఉన్న బృందాలు ఈ చట్టాలను తెలుసుకొని ఉండటం అవసరం. దారిలో ఊరి పొలంలో శాసనం కనబడితే దానిని కదిలించక, శుభ్రం చేసే పేరుతో గీకక, సుద్దముక్కతో అక్షరాలు దిద్దక, ఫొటో తీసి, ఊరి పేరు, ఎవరి పొలం, ఏ దిక్కున అనేవి వ్రాసుకొని పురావస్తు శాఖకు తెలియజేయాలి.

విదేశాలలోని తెలుగువారు

విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలను చూడటానికి వెళుతుంటారు. అవి మధ్యయుగానికి ముందువి. మధ్యయుగం కొరకు అదే నగరంలోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో గల దక్కను, కోరమాండల్ తీరపు అద్దకపు వస్త్రాలు చూడదగినవి. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2015లో దక్కను సుల్తానుల కళపై ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేసినది. అందులో గోల్కొండకు ప్రముఖ స్థానం లభించినది. అదే నగరంలో 1938లో ప్రారంభమైన క్లాయిస్టర్స్ మ్యూజియంలో ఐరోపా మఠాల స్తంభాలను, తోరణాలను విప్పి తెచ్చి భవనంలో కలిపి కట్టారు. ఆలంపురంలో గుళ్ళను తరలించిన తీరు చూసినవారికి రెంటికీ గల తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ నీటి ముంపు లేదు, కొనుగోలు మాత్రమే ఉన్నది.

ఫిలడెల్ఫియా కళా మ్యూజియంలో మదురైకి చెందిన మదనగోపాలస్వామి ఆలయ మండపం ఉన్నది. తెలుగు మూలాలు గల మదురై నాయకుల కాలానికి, అనగా 16వ శతాబ్దానికి చెందినదిగా దీనిని భావిస్తారు. మదురైలో పడి ఉన్న ఈ స్తంభాలను 1912లో ఒక అమెరికా మహిళ కొనుగోలు చేయగా, 1919లో అవి మ్యూజియంకు చేరినవి. చెన్నైలో 1851లో ఏర్పడిన ప్రభుత్వ మ్యూజియం కంచు విగ్రహాలకు ప్రసిద్ధి. ఉమ్మడి మద్రాసు రాష్ట్ర కాలంలో తెలుగు జిల్లాలలో దొరికిన వస్తువులు అనేకం అక్కడికే చేరినవి కనుక, నెల్లూరు, చిత్తూరు జిల్లాల బృందాలకు చెన్నై దగ్గర దారి కూడా.